వెనక్కి చెప్పాల్సిన నాలుగు అంకెలు

నిన్న ఫహాహీల్‌లో ఒక మందుల దుకాణంలో నొప్పుల తైలం వాసన తగలగానే, పక్కనే అహ్మదిలో మా అమ్మ వంటమనిషిగా చేసిన అరబ్బుల ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలి కొడుకు ఇంగ్లండులో జీతానికి రగ్బీ ఆడేవాడు. ఆటలో తలకు దెబ్బ తగిలి, ఆరు వారాలు ఉండటానికి తల్లి దగ్గరికి వచ్చాడు. రోజూ భుజాలకు ఆ తైలమే రాసుకునేవాడు. డాక్టరు సరేనని రాసిస్తేనే జట్టు మళ్లీ తీసుకుంటుంది.

ఆ రోజు డాక్టరు ఇంటికే వచ్చి, "మూడు, ఒకటి, అయిదు, రెండు. వెనక్కి చెప్పు" అన్నాడు.

"రెండు..." అని ఆగిపోయాడాయన.

పాపం, పరీక్ష తప్పుతున్నాడనుకున్నాను. డాక్టరు వెనక నిలబడి అయిదు వేళ్లు చూపించాను. తర్వాత ఒకటి, ఆపైన మూడు. ఆయన నా చెయ్యి చూసి నవ్వాడు.

"గుర్తు రావట్లేదు డాక్టర్. తలకు దెబ్బ తగలడం ఇది మూడోసారి. ఖలాస్, ఇక ఆడను."

వంటగదిలోకి పోయి, "అంత పెద్దోడికి వేళ్లు లెక్కపెట్టను రాదేందిమా?" అన్నాను.

"గమ్మునుండే! ఆ మామా ఏడుస్తాంది" అంది అమ్మ.

చాలా ఏళ్లు ఆయన్ని లెక్కల్లో మొద్దు అనుకున్నాను. అప్పటికి ఆయనకు ఇరవై ఏడు. ముప్పై మూడు దాకా ఆడేవాడని లెక్కేసినా, ఇంకా ఆరేళ్ల ఆట ఉంది. ఆ ఆరేళ్లనూ ఆయన, జవాబు కనిపిస్తున్నా చెప్పకుండా, నా చేతివంక చూస్తూనే వదులుకున్నాడు.