చెనిక్కాయలు పడని పిల్ల

మా అమ్మాయికి వేరుశనగ పడదు. ఒక్క గింజ తిన్నా పెదవులు బూరెల్లా ఉబ్బి, ఊపిరాడదు. అలాంటి పిల్లను సెలవుల్లో తిరుపతి వైపు తీసుకొచ్చాం. ఇక్కడ గాలి కూడా వేరుశనగ చట్నీలో మునిగే వీస్తుంది.

వడమాలపేట హోటల్లో ముందే చెప్పాను.

"చెనిక్కాయలు పడవా? అయితే చట్నీ రోంత పలచగా పోస్తాలే సార్!" అన్నాడు సర్వరు.

పలచగానూ వద్దన్నాను. వంటమాస్టరే కారప్పొడి పట్టుకొచ్చాడు.

"ఇందులో ఏముంది?"

"చెనిక్కాయలే సార్. బాగా ఏయించినాం, ఏమీ కాదు."

నేను ప్లేటుకు రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"చట్నీ లేకుండా ఇడ్లీ యెట్ల దిగుతాదమ్మా?" మాస్టరుకు కన్నీళ్లొక్కటే తక్కువ.

"చక్కెరుంటే దిగుతుంది అంకుల్," అంది మా పిల్ల నీరసంగా.

ఆయన తిరుమల కొండంత చక్కెర పోశాడు. ఇంట్లో చక్కెర డబ్బాకు కాపలా కాసే వాళ్లమ్మే చెంచా అందించింది.

తర్వాతి హోటల్లో మేం కూర్చోకముందే పిల్ల సర్వరుకు తన జబ్బు చెప్పుకుంది.