పెద్దమ్మ తీసిన రెండో గుప్పెడు

మా చర్చి పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని శుక్రవారం పొద్దున సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను మా ఆయనకు జావ తాగిస్తున్నాను. పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. ఒక్కో చెంచా మింగేదాకా ఆగాలి. గిన్నె ఖాళీ అయ్యి, మూతి తుడిచాక చెప్పాను. ఆయన ప్రార్థనలోలా కళ్లు మూసుకున్నాడు. పక్కింటావిడను ఆయన దగ్గర కూర్చోబెట్టి, నేను పనిచేసే కోర్టుకు సెలవని ఫోన్ చేసి, నాంపల్లిలోని పెద్దమ్మ ఇంటికి నడిచాను. ఏడవడానికి కూడా ఓపిక లేని రోజులుంటాయి. అది అలాంటిది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాళ్లు మాత్రం చూసే ఉంటారు. తెల్లచీర, దారంతో కట్టిన కళ్లద్దాలు, చేతిలో గుడ్డసంచి. ఆరాధన అవగానే అక్కడికొచ్చి, పోటీపరీక్షల గైడ్ల కింద నలిగే పాత బైబిళ్లను ఏరి కొని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచేది. దేవుని మాట నేలమీద పడి ఉంటే నిద్ర పట్టదనేది. నాకిచ్చిన బైబిల్లో మొదటి పేజీ నిండా ఎవరి పిల్లలవో పుట్టిన తేదీలున్నాయి. వాళ్లకోసం కూడా ప్రార్థన చెయ్యమంది, ముక్కూమొహం తెలియని వాళ్లకోసం. ఇక ఆమె ప్రార్థన మొదలుపెట్టిందంటే కూర చల్లారాల్సిందే. మేమంతా ఒక కన్ను తెరిచి గడియారం చూసేవాళ్లం.

ఆ గుడ్డసంచి అసలు గుప్పెడు బియ్యం కోసం. మా ఇళ్లల్లో అన్నం వండే ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తాం. నెలకోసారి అది చర్చికి చేరుతుంది, అక్కణ్ణుంచి ఇల్లు గడవనివాళ్లకు. ఇల్లిల్లూ తిరిగి పోగుచేసే పని పెద్దమ్మది. ఎనభై దాటినా ఆటో ఎక్కేది కాదు. మేముండే మూడో అంతస్తుకు ఆగి ఆగి ఎక్కి వచ్చేది.

మా ఆయన మంచాన పడ్డాక నేను గుప్పెడు తియ్యడం మానేశాను. కావాలని కాదు. చీకటితో లేచి, పక్కబట్టలు మార్చి, వంట చేసి, కోర్టులో టైపు పనికి పరుగెత్తడమే. బియ్యం ఎప్పుడు కడిగానో కూడా గుర్తుండేది కాదు. పెద్దమ్మ ఆయాసం మెట్ల మీద వినపడగానే, బస్తాలోంచి నాలుగు దోసిళ్లు డబ్బాలో పోసి ముందు పెట్టేదాన్ని. దేవుడికి ఎలాగూ తెలుసు, పెద్దమ్మకు తెలియకపోతే చాలనుకున్నాను.

ఒకసారి ఆమె డబ్బాలో చెయ్యిపెట్టి బియ్యాన్ని వేళ్లతో కదిపింది. నెలంతా వేసిన గుప్పెళ్లయితే పాతబియ్యం, కొత్తబియ్యం, రేషన్ బియ్యం కలగలిసి ఉంటాయి. నావన్నీ ఒకే బస్తావి. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్న చేతికి తెలియకుండా ఉంటుందా? సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె ఆ బియ్యాన్ని సంచిలో పోసుకుంది. మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. ఆ రోజు చాలా చిన్న ప్రార్థన. వెళ్తూ వెళ్తూ గడపలో నా చెయ్యి పట్టుకుంది.

"అలిసిపోయినవ్ బిడ్డా. గుప్పెడు తీసేటప్పుడు చెయ్యి ఒక్కసారి ఆగుతది సూడు, గది దేవునికోసం అనుకుంటున్నవా? గది నీకోసం. నీకు చాతగాకుంటే ఇంకొకరు తీస్తరు, ఫికర్ చెయ్యకు."

ఆ తర్వాత కూడా దోసిళ్లే పోశాను. నిజం చెప్పి క్షమించమని అడగాలని ప్రతినెలా అనుకునేదాన్ని. ఆమె దవాఖానలో చేరిందని తెలిసినప్పుడు, మా ఆయన్ని ఎవరి దగ్గర వదలాలని ఊరుకున్నాను. చావుకు దొరికిన పక్కింటావిడ అప్పుడు దొరక్కపోయేదా?

సాయంత్రం భూస్థాపన అయ్యాక, మళ్లీ వాళ్ల ఇంటికి వెళ్లాం. పెద్దమ్మ కూతురు వంటింట్లోకి పిలిచి, గట్టుమీదున్న రెండు డబ్బాలు చూపించింది.

"అమ్మ రెండేండ్ల సంది రోజూ రెండు గుప్పెళ్లు తీస్తున్నది అక్కా. ఒకటి మా ఇంటిది. రెండోది మూడో మంజిల్ బిడ్డదట. ఆ బిడ్డకు చెయ్యి ఆడుతలేదు, ఆమె తరఫున నేను తీస్తున్న అంటుండె. గామె ఎవరో నీకేమన్న ఎరుకనా?"

"నేనే" అన్నాను. పొద్దున్నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె రెండో డబ్బాను నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, గుప్పెడు తీశాను. పెద్దమ్మ డబ్బా మూత తెరిచాను. లోపల సన్నం, దొడ్డు, తెలుపు, కాస్త పసుపు, అన్నీ కలిసి సగం దాకా ఉన్నాయి. మా ఆయన లోపల్నుంచి పిలుస్తున్నాడు. వస్తున్నానని చెప్పి, ఆ డబ్బా మీద గుప్పెడు అలాగే పట్టుకుని, కాసేపు నిలబడ్డాను.