చెన్నూరులో గుణగణాల వాకబు

చెన్నూరు బడిలో లెక్కల సారుగా చేరిన కొత్తలో నాకొక పని పడింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన ఒక విద్యార్థి బొగ్గుబాయిలో సర్వేయర్ ట్రెయినింగుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇరవై దాటినవాడు, మీసాలు నాకంటే దట్టంగా ఉండేవి. దరఖాస్తుకు లెక్కల సారు సిఫారసు ఉత్తరం జతచేయాలట. నడవడి, ఆరోగ్యం, అలవాట్లు, కోపతాపాలు అన్నీ అందులో ఉండాలట. నాకు తెలిసిందల్లా వాడికి త్రికోణమితి రాదని.

"ఊర్లె నలుగురిని అడిగి రాయుండ్రి. సంతకం మీదైతది" అన్నారు హెడ్మాస్టరు.

ముందుగా బస్టాండు దగ్గర చాయ్ హోటల్ సాయిబును అడిగాను. "పిలగాడు ఎసొంటోడు? తాగుతడా? కోపం ఎక్కువనా?"

ఆయన చాయ్ పోస్తూ ఆగి నన్ను ఎగాదిగా చూశారు. "తాగుడు గీగుడు ఏం లేదు సార్. జర మొండోడు, గంతే. మీకు చెల్లె ఉన్నదా?"

"ఉన్నది, మా ఊరు బోథ్‌ల. ఎందుకు?"

"ఏం లేదు, ఏం లేదు" అంటూ నా చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేశారు.

విద్యార్థి వాళ్ల పక్కింటి ముసలమ్మ అడక్కుండానే పొలం లెక్క మొదలుపెట్టింది. పొలం సంగతి అక్కర్లేదు, కంటిచూపు ఎట్లా ఉంటుందో చెప్పమన్నాను. "చూపు మంచిగనే ఉన్నది కొడుకా. మీ పిల్ల ఎర్రగుంటదా?" అంది. అప్పుడూ నాకు వెలగలేదు. మా కులం, వాళ్ల కులం ఒకటేనని ఊరికి అప్పటికే తెలుసు.

సాయంత్రం విద్యార్థి తల్లి తన ఇద్దరు ఆడపడుచులను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది.

"ఎప్పుడనుకుంటున్నరు సార్?"

"సోమవారమే. ఇంక ఆలస్యం చేయద్దు."

"అబ్బో, గింత తొందరనా! ముహూర్తం చూసిండ్రా?"

"ముహూర్తమేంది? పొద్దుగాల టపా పోతది, దాంట్ల పంపుత."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. విషయం అప్పుడు తెలిసి, ఇది ట్రెయినింగు కోసమని మొత్తుకున్నాను. "మొదట్ల అందరు గిట్లనే అంటరు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లతో వచ్చి వెనక నిలబడ్డ విద్యార్థి మాత్రం మెల్లగా అడిగాడు: "సార్, మీ చెల్లెకు లెక్కలు మంచిగ వస్తయా?"

ఆదివారం బోథ్ నుంచి మా బాపు దిగాడు. ఆ ఊరి సంతకు పోయిన బట్టల వ్యాపారి ఎవరో చెప్పాడట.

"పిలగాన్ని చూసినవట. నాకొక్క మాట చెప్పద్దా?"

"నేను చూసింది ఉత్తరం కోసం బాపూ! చెల్లె ఏమన్నది?"

"అన్నకు గంత నచ్చితే అన్ననే చేసుకోమను, నేను టీచర్ ట్రెయినింగు పోత అన్నది."

వచ్చినందుకైనా ఒకసారి చూద్దామని బాపు వాళ్లింటికి వెళ్లాడు. ఇద్దరు తండ్రులు పత్తి గురించి, ఎడ్ల గురించి మాట్లాడుకుంటూ పెళ్లి మాటే మరిచిపోయారు. బాపు రెండు రోజులు అక్కడే ఉండి, పత్తి గింజల మూటతో తిరుగు బస్సెక్కాడు.

సోమవారం టపాలో పోయేలా నేను ఉత్తరం రాశాను. తాగడని, చూపు బాగుందని రాసి, మొండితనాన్ని పట్టుదలగా మార్చాను. వాడు ఎంపికయ్యాడు.

వాడు వెళ్లాక వాళ్లమ్మ భోజనానికి రమ్మని కబురు పంపింది. నాకు బదిలీ అయ్యేదాకా ఆదివారం భోజనం వాళ్లింట్లోనే. సంబంధం కుదరలేదని ఆమె ఒక్కనాడూ అనలేదు. వడ్డించడం మాత్రం వియ్యాలవారికి వడ్డించినట్టే వడ్డించేది.