నున్నగా తేలిన చుక్కాని పిడి

అజ్మతుల్లాకు ఉదయగిరిలో ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాకుండా పోయింది. ముప్పై ఏళ్ళు ఒకే పీట మీద కూర్చుని చెక్క స్పూన్లు, ఫోర్కులు చెక్కిన మనిషి! ఇప్పుడు గంటకోసారి లేస్తాడు. బస్టాండుకు పోతాడు, నెల్లూరు బస్సు కదిలేదాకా చూస్తాడు, ఎక్కకుండా తిరిగొస్తాడు. మంచం కోడు కింద ఎత్తుకు పెట్టిన చెక్కముక్కను కూడా పీకేశాడు. ఎందుకయ్యా అంటే, పడుకుంటే మంచం కాస్త ఊగాలట. దుర్గం కొండ కింద కాపురమున్నవాడికి ఊగే మంచం కావలసి వచ్చింది, చూడండి.

ఈ రోగం అండమాన్‌లో తగులుకుంది. ఓడల్లో ఉద్యోగం చేసి రిటైరైన మలయాళీ కెప్టెన్ ఒకాయన అక్కడ తెరచాప పడవలోనే కాపురముంటున్నాడు. నెల్లూరు ఎగ్జిబిషన్‌లో అజ్మతుల్లా పనితనం చూసి, పడవలో చెక్కపని ఉంది, నెల్లాళ్ళు రమ్మని తీసుకుపోయాడు. నెల కాస్తా ఎనిమిది నెలలైంది.

మొదటి వారమే పరువు పోయింది. చుక్కాని తిప్పే పొడవాటి పిడి విరిగితే కొత్తది చెక్కమన్నారు. ఈయన చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, నోట్లో పెట్టుకునే స్పూనంత నున్నగా తేల్చాడు. వాన పడిన రోజు కెప్టెన్ చెయ్యి జర్రున జారింది, పడవ గిర్రున తిరిగింది, కూరగిన్నె బోర్లాపడింది. ఆయన పిడికి తాడు చుట్టుకున్నాడు. అజ్మతుల్లా ఆ పూట తలెత్తలేదు.

అయినా ఆ పడవలో కలలో కూడా అనుకోని సుఖాలు దొరికాయి. ఇంజను ఆపి తెరచాప ఎత్తగానే చెవులకు ఎంత హాయో! సముద్రం గోరువెచ్చగా ఉంటుందని ఉదయగిరి మనిషికి ఎవరు చెప్పారు గనక? మంచినీళ్ళు పొదుపుగా వాడుకునే చోటు కాబట్టి, వాన మొదలైతే సబ్బు పట్టుకుని పైకి పరుగెత్తడమే స్నానం. ఒక పొద్దున లేచేసరికి పిలవని చుట్టంలా ఒక చేప ఎగిరొచ్చి పక్కన పడి ఉంది. అన్నిటికంటే పెద్ద సుఖం ఒకటుంది. తన చెయ్యి ఆగినా ఇల్లు ముందుకు పోతూనే ఉంటుంది. ఊళ్ళో చెయ్యి ఆగితే పొయ్యి ఆగుతుంది.

ఇప్పుడు కెప్టెన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఏడాది పని ఉందట. ఈసారి భార్యనూ తెచ్చుకుంటే ఆమె వంట చేస్తుందన్నాడు. శుక్రవారంలోగా చెప్పకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. భార్య నుస్రత్ ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ వీధిలో చెక్కేది మగవాళ్ళు, నున్న చేసేది ఆడవాళ్ళు. ఆమె గోడకానుకుని ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉంది. ఆమెను మళ్ళీ ఒంటరిగా వదిలి పోలేడు, పోకుండా ఉండలేడు. పాపం, నలిగిపోయాడు.

"ఒక్కసారి నీళ్ళ మీద కూర్చోని చూడు. ఆ పైన వొద్దంటే, వొద్దని ఫోన్ చేసేస్తా" అని బతిమాలి, గురువారం ఆత్మకూరు మీదుగా సోమశిల డ్యాముకు తీసుకుపోయాడు. అక్కడ చేపలు పట్టే మాలకొండయ్య పాత గిరాకీ. ఒకప్పుడు రెండు తెడ్లు కావాలని ఆయన ఫోన్ చేస్తే, ఈ మహానుభావుడు అన్నం కలిపే తెడ్లు చెక్కుకుని పోయాడు.

"ఈసారన్నా పడవ తెడ్లు తెచ్చినావా, మళ్ళీ కుండలోవేనా?" అన్నాడు మాలకొండయ్య.

"ఈసారి తెడ్డుతో పనే లేదు" అన్నాడు అజ్మతుల్లా. మాలకొండయ్యను ఒడ్డునే ఉండమని, నుస్రత్‌ను పడవలో కూర్చోబెట్టి, రెండు వెదురు కర్రలకు దుప్పటి కట్టి లేపాడు.

దుప్పటికి గాలి పట్టింది. పడవ దానంతటదే కదిలింది. నుస్రత్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. పెళ్ళయ్యాక ఆ చేతులు ఖాళీగా ఉండగా అజ్మతుల్లా చూడటం అదే మొదలు. రుద్ది రుద్ది వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ కొట్లో మిషను కూడా ఆ వేళ్ళను గుర్తుపట్టదు.

"అజీ, ఒక మాట అడగతా, నిజం చెప్పండి" అంది. "ఆ ఎనిమిది నెలల్లో ఇంటికి రావాలని ఎన్నిసార్లు అనిపించినాది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

"ఒక్కసారి కూడా లేదు" అన్నాడు, సిగ్గుతో తల వంచుకుని.

నుస్రత్ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె గాలికి ఉబ్బిన దుప్పటి వైపు చూస్తూ అంది.

"ఫోన్లో మీ గొంతు విన్నప్పుడే తెలిసినాది నాకు. అయినా రోజూ మీ ప్లేటు కడిగి పెట్టినాను. కోపం లేదని అనను."

అజ్మతుల్లా వాలిన వెదురు కర్రను నిలబెట్టాడు.

"కెప్టెన్ సారుకి ఫోన్ చెయ్యండి. నేనూ వస్తా. వంటకి మాత్రం రాను."

"మరి దేనికి?"

"మీరు చెప్పిన ఆ చుక్కాని పిడికి చుట్టిన తాడు విప్పి, పిడి నాకియ్యమనండి. గరుకు కాగితంతో రుద్ది చెయ్యి జారకుండా చేసిస్తా. కాగితం ఎక్కడ ఆపాలో మీకు తెలీదు, నాకు తెలుసు." కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఖాళీ చేతులను నీళ్ళలో ముంచింది. "ఇల్లు గుర్తుకు రాకుండా మీరు ఎనిమిది నెలలు ఉన్నారు. నాకు ఎనిమిది రోజులన్నా అట్టా ఉండాలని ఉండాది."