ట్రాము పట్టాల పొంట మా అవ్వ

నా చిన్నప్పుడు బొంబాయి చూసిన దినం యాదికొస్తే ఇప్పటికీ అరచేతులు చెమట వడ్తయి. మాది నల్గొండ దిక్కు మగ్గాల ఇల్లు. మా చిన్నాయన బొంబాయిల బట్టల మిల్లుకు పోయేటోడు. ఊరు చూపెట్టనీకి మా అవ్వే, అంటే మా నాయిన తల్లే, నన్ను తీస్కపోయింది. చూపెట్టుడంటున్న గని, ఆమె సుత అదే మొదటిసారి చూసుడు!

పొద్దుగాల నా జడ అల్లుకుంట అడిగింది. "పోగు తెగితే ఏం జేస్తమే?"

"మగ్గం ఆపుతం."

"నువ్వు తప్పిపోతే సుత గట్లనే. ఉన్నకాడ్నే నిలవడు. నేనొచ్చి ముడేస్కుంట."

నేను కిసుక్కున నవ్విన. ఎనిమిదేండ్ల దాన్ని, తప్పిపోతనా!

చిన్నాయన వెంట పోయి సముద్రం ఒడ్డున దొరలు కట్టిన పెద్ద దర్వాజ చూసినం. గడియారం గోపురాన్ని మెడలు నొచ్చేదాక చూసినం. ఇగ ఇంటికి పోదామని రోడ్డు మీది ట్రాము బండి ఎక్కవోతే జనం ఒక్కసారే మీదవడ్డరు. నేను లోపల వడ్డ. అవ్వ, చిన్నాయన కిందనే ఉండిపాయిరి. బండి కదిలింది. ఆ గంటల మోతల నా అరుపు ఎవరికినవడ్తది?

జనంల ఇరికి, నాలుగైదు చోట్ల బండి ఆగినంక దిగిన. అన్ని కొత్త మొఖాలు, ఒక్క మాట అర్థం కాదు. పిల్లలను ఎత్తుకపోయేటోళ్ల కతలన్ని అప్పుడే యాదికి రావాల్నా! కాళ్లేమో ఉరుకుమంటున్నయి. ఎటని ఉరకాలె? ఒకాయన వంగి ఏదో అడిగి నా చెయ్యి వట్టిండు. మంచోడో చెడ్డోడో ఇప్పటికీ తెల్వదు. గుంజుకొని దీపం స్తంభాన్ని కరుచుకున్న. లంగా తడిసింది, దాచేదేముంది. మగ్గం ఆపాలె, మగ్గం ఆపాలె అని లోపల అనుకుంటనే ఉన్న.

పొద్దు వాలినంక, పట్టాల పొంట తల వంచుకొని ఒక ముసలమ్మ వస్తున్నది. మా అవ్వ! చిన్నాయన పోలీసోళ్ల కోసం ఉరికితే, ఈమె పట్టాలు ఇడవకుంట నడిచిందట, పోగు కొసను వేలితో తడుముకుంట పోయినట్టు. ఎనుకనుంచి బండ్లోళ్లు గంట కొట్టి తిట్టినా పక్కకు పోలేదట.

నన్ను తిట్టలేదు. నా ముంగట కూలవడ్డది. మగ్గం మీద ఏనాడు తడవడని చేతులకు ఊడిన నా జడ ముడి ఎంతకూ వడ్తలేదు. "ఆగినవో లేదో అని పాణం పోయిందే బిడ్డా" అన్నది.

"వస్తనంటివి గద" అన్న నేను.

అవ్వ నాకు ఆగుడు నేర్పిందనే చాన ఏండ్లు అనుకున్న. ఇప్పుడు నాకూ ఆమె వయసొచ్చింది. ఎవరన్న నా మాట నమ్మి ఏడనో నిలవడ్డరంటే నాకు కూసోబుద్ది గాదు. మోకాళ్లు మొరాయించినా, భయమైనా, లేచి వాళ్ల కాడికి నడుస్త.