ప్లేటు షూ, గ్లోరీ రికార్డు పుస్తకం

ఆ శనివారం పొద్దున గ్లోరీ క్యాంపస్‌లో ఒకే కిలోమీటరును పన్నెండుసార్లు పరిగెత్తింది. లైబ్రరీ మలుపు దగ్గర మొదలు, హాస్టళ్ల ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆఖరు. అంతకుముందే ఘట్‌కేసర్ దాకా వెళ్లి మూడు గంటలు సైకిల్ తొక్కి వచ్చింది. నాలుగు కిలోమీటర్లు ఒక జత షూతో, నాలుగు రెండో జతతో, నాలుగు మూడో జతతో. ప్రతి కిలోమీటరుకూ పట్టిన సమయం ల్యాబ్ రికార్డు పుస్తకంలో ఎక్కింది. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడు గ్రౌండ్‌లో సున్నం గీతలు వేసే పరుశురాం.

గ్లోరీకి నలభై ఆరేళ్లు. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పందొమ్మిదేళ్లుగా టెక్నీషియన్. ఎమ్మెస్సీ పిల్లలు తెచ్చిన రికార్డుల్లో ఒక్క రీడింగు అనుమానంగా కనిపించినా పుస్తకం మూసి చేతికిచ్చేస్తుంది. ఏం తప్పో కూడా చెప్పదు. పిల్లలు ఆమెను చూసి ప్రొఫెసర్లకన్నా ఎక్కువ భయపడతారు. తెనాలి నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. భర్త సైమన్ చర్చి ఆఫీసులో గుమాస్తా. ఆదివారం తొలి ఆరాధన ఆరున్నరకే కాబట్టి, తార్నాక ట్రయాథ్లాన్ గుంపు ఆదివారాలు చేసే సవారీలకు ఆమె పోదు. తన కష్టమేదో శనివారమే ఒంటరిగా పడుతుంది.

నిరుడు నవంబరులో ఆమె సముద్రతీరంలో జరిగిన పెద్ద ట్రయాథ్లాన్‌కు వెళ్లింది. దాదాపు రెండు కిలోమీటర్లు ఈత, తొంభై సైకిల్, ఇరవై ఒకటి పరుగు. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. గ్లోరీ గీత దాటింది ఎనిమిది గంటల ముప్పై మూడు నిమిషాల యాభై సెకన్లకు. అప్పటికే తోరణం తాళ్లు విప్పుతున్నారు. ఫలితాల పట్టికలో ఆమె పేరు పక్కన, పోటీ వదిలేసినవాళ్లకు పెట్టే గుర్తే పెట్టారు. దారిలో ఆయాసపడి ఆటో ఎక్కినవాడూ ఆమె ఒకటే అన్నట్టు. దాన్ని గ్లోరీ జీర్ణించుకోలేదు. ఈసారి కూడా గడువు దాటితే సైకిల్ అమ్మేస్తానని సైమన్‌కు చెప్పింది. ఆమె మాట మీద నిలబడే మనిషని సైమన్‌కు తెలుసు.

మూడు నిమిషాల యాభై సెకన్లు ఎక్కడ నుంచి తేవాలి? ఈతలో రావు. సైకిల్ మీద ఉన్న శక్తంతా ఎప్పుడో పిండేసింది. మిగిలింది పరుగు. పరుగంటే తార్నాకలో ఒకటే జవాబు: షూ.

ఆ జవాబు చెప్పేవాడు భానుప్రకాశ్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. గుంపులో అందరికన్నా వేగం అతనిదే; అందులో అబద్ధం లేదు. కానీ ఆ వేగం తన కాళ్లదని అతను ఒక్కసారైనా ఒప్పుకోలేదు. అంతా షూ మహిమ అంటాడు. ఆదివారం పరుగు అయ్యాక మెట్రో స్టేషన్ కింద టిఫిన్ సెంటర్ ముందు దర్బారు పెడతాడు. అట్ట పెట్టెలోంచి కొత్త జత తీస్తాడు. అడుగున మందమైన నురుగు అట్ట, దాని మధ్యలో స్ప్రింగులా పనిచేసే కార్బన్ ప్లేటు. పది మంది పెద్దమనుషులు, పొట్టలున్నవాళ్లతో సహా, వరసగా అది తొడుక్కుని ఉన్నచోటే నాలుగు గంతులు వేసి, ఇడ్లీ బండి దాకా ఉరికి వెనక్కొచ్చి, "ఎగురుతున్నట్టుంది అన్నా" అంటారు. పరీక్ష అంతే. నలభై అడుగులు, పెద్దగా అలవని కాళ్లు. ఆ సాయంత్రానికే ఆర్డర్లు పోతాయి. అయిదు గంటలు ఎండలో మాడి, ఉప్పునీళ్లలో ఉబ్బి, తొడలు బిగుసుకుపోయిన మనిషి కింద ఆ షూ ఎలా ఉంటుందని అడిగినవాడు ఒక్కడు లేడు. దసరాకు సైకిళ్లకు పసుపు కుంకుమలు పెట్టి, షూ అయితే పూజలో పెట్టకూడదు కాబట్టి మూత తియ్యని పెట్టెకు బొట్టు పెట్టిన గుంపు అది. తమ తెలివికి తామే మురిసిపోయి ఆ ఫొటో గ్రూపులో కూడా పెట్టుకున్నారు.

గ్లోరీ ఒక్కసారి ఆ దర్బారు పక్కనుంచి పోతూ ఆగింది.

"ఏంటండీ, ఇడ్లీ బండి దాకా పరిగెత్తి చూసి కొంటారా?" అంది.

"ఫీల్ అనేది ఒకటి ఉంటది మేడం," అన్నాడు భానుప్రకాశ్. "మీకు అర్థం కాదులే. అయినా మీ పేస్‌కు ప్లేట్ వేస్ట్. మీరు మామూలు షూతో కానిచ్చెయ్యండి."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో నిరుడు ఈత మధ్యలోనే చేతులెత్తేసి పడవెక్కినవాడు కూడా ఉన్నాడు.

"వేస్టో కాదో కొలుద్దాం. ఇవ్వండి," అంది గ్లోరీ.

భానుప్రకాశ్ కాలు చిన్నది, ఏడో నంబరు. గ్లోరీది పొడుగు పాదం. అదే కలిసొచ్చింది. అతను రెండు జతలు ఇచ్చాడు. ఒకటి ఆ ఏడాది గుంపు కొలిచే దేవుడు: ఎత్తు మడమది. రెండోది రెండేళ్ల కిందటి మోడల్, వెడల్పు అట్ట ఉన్నది. "ఇది ఫెయిల్యూర్ మోడల్, చూస్కోండి," అని పడేసినట్టు ఇచ్చాడు. శనివారం పన్నెండు కిలోమీటర్ల పరుగు పుట్టింది అలా.

ఆ శనివారం లెక్క ఇలా వచ్చింది. ముందుగా వేసుకున్న ఆమె రోజువారీ షూ: కిలోమీటరుకు సగటున ఏడు నిమిషాల పదిహేడు సెకన్లు. ఎత్తు మడమ ప్లేటు షూ: మలుపులో రెండుసార్లు చీలమండ పక్కకు ఒరిగింది, దాన్ని మూడో కిలోమీటరులోనే పక్కన పెట్టాల్సింది, పట్టుదలకు నాలుగూ పరిగెత్తింది. ఆఖరున వెడల్పు అట్ట ప్లేటు షూ: ఏడు నిమిషాల ఇరవై అయిదు.

గ్లోరీకి ఆ అంకెలు పాయసంలా ఉన్నాయి. ఎర్ర సిరాతో కింద గీత గీసి, "ప్లేటు వృథా" అని రాసింది. పుస్తకం పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. కింద ఒక వాక్యం: "ఇడ్లీ బండి దాకా కాదు, మూడు గంటల సైకిల్ తర్వాత చేసిన పరీక్ష ఇది." సాయంత్రానికి షూ జతలు రెండూ తిప్పి పంపేసింది. భానుప్రకాశ్ జవాబుగా నవ్వే బొమ్మ ఒకటి పెట్టాడు. దానికి ఇరవై రెండు మంది నవ్వే బొమ్మలే కలిపారు. గ్లోరీ ఆ బొమ్మల్ని ఓడిపోయినవాళ్ల ఏడుపుగా లెక్కేసుకుని రెండు రోజులు చాలా సంతోషంగా ఉంది.

మంగళవారం పొద్దున గ్రౌండ్‌లో సున్నం బకెట్ పక్కన పరుశురాం ఆమెను ఆపాడు. అతనికి యాభై ఎనిమిది. జనగామ వైపు ఊరి నుంచి వచ్చి, కుర్రతనంలో యూనివర్సిటీ తరఫున అయిదు వేల మీటర్లు ఉత్తకాళ్లతో ఉరికినవాడు. షూల గురించి మాట్లాడేవాళ్లను అతను మనుషుల్లో జమ కట్టడు.

"మేడం, ఒక్క మాట చెప్త, కోపం జెయ్యకుండ్రి."

"చెప్పు పరుశురాం."

"మీరు మీ షూతోని ఉరికినప్పుడు కాళ్లు తాజగున్నయి. ఆఖరి జత ఏస్కునేసరికి ఎనిమిది కిలోమీటర్లు అయిపాయె. ఎవరైన మెల్లగనే ఉరుకుతరు గద. దాంట్ల షూ తప్పేమున్నది?"

గ్లోరీ మొహం మాడిపోయింది. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగకపోతిరి. వాచీ పట్టుమన్నరు, పట్టిన." సున్నం డబ్బా ఎత్తుకుంటూ ఇంకో మాట వదిలాడు. "గా భానుప్రకాశ్ సారుది ఇడ్లీ బండి లెక్క. మీది పుస్తకంల రాసిన ఇడ్లీ బండి లెక్క. గంతే తేడా."

ఆమె ల్యాబ్‌కు వెళ్లింది. పందొమ్మిదేళ్లలో ఇదే తప్పుకు ఎంతమంది పిల్లల రికార్డులు తిప్పికొట్టిందో లెక్కలేదు. ప్రతిసారీ ఒకే నమూనాను ముందు కొలిస్తే ఆ తేడా నమూనాది కాదు, వరసది. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం. తనకు ఎందుకు తట్టలేదో కూడా ఆమెకు స్పష్టంగానే తెలుసు: భానుప్రకాశ్ తప్పని తేలాలనుకుంది, తేల్చింది. వచ్చిన అంకె తియ్యగా ఉంది కాబట్టి మళ్లీ చూడలేదు.

పోటీకి అయిదు వారాలుంది. వెడల్పు అట్ట షూ నిజంగా వేగమైనదైతే ఆ మూడు నిమిషాల యాభై సెకన్లు అందులోనే ఉండవచ్చు. ఉందో లేదో తెలియాలంటే ఆ జత మళ్లీ కావాలి. అది ఉన్నది ఆమె నలుగురిలో నవ్వులపాలు చెయ్యబోయిన మనిషి దగ్గర. ఆ సైజులో ఆ మోడల్ అంగళ్లలో దొరకడం లేదు. రెండు రోజులు వెతికి ఆ సంగతి కూడా తేల్చుకుంది.

గురువారం సాయంత్రం తార్నాకలో భానుప్రకాశ్ అపార్టుమెంటు కింద నిలబడి ఫోన్ చేసింది. అతను లిఫ్టులో దిగివచ్చాడు. చేతిలో షూ లేదు.

"ప్లేట్ వృథా అన్నరు కదా మేడం?"

"నా పరీక్షలో వరస తప్పు. మళ్లీ చెయ్యాలి."

"అంటే నేను రైట్."

"అది ఇంకా తేలలేదండీ. మీరు రైటో కాదో మీకూ తెలియదు."

అతను నవ్వాడు. బేరం దొరికినవాడి నవ్వు. "ఒక పని చెయ్యండి. గ్రూపులో సారీ పెట్టండి. షూ మీ ఇంటికే పంపిస్తా. రేస్ దాకా మీరే ఉంచుకోండి. ఆ ఫెయిల్యూర్ మోడల్ నాకెందుకు?"

గ్లోరీ అతన్ని పాదాల నుంచి పైదాకా చూసింది. ఇంట్లో తిరగడానికి కూడా ప్లేటు ఉన్న షూ వేసుకున్నాడు. మెట్లు దిగాల్సిన మనిషి లిఫ్టులో వచ్చి, ఒక్కో జత మూడు వందల కిలోమీటర్లకే చచ్చిపోయే షూను గేటు దాకా నడిచి అరగదీస్తున్నాడు. ఇలాంటివాడికి సారీ.

అక్కడే నిలబడి ఫోన్‌లో టైపు చేసింది: "మొన్నటి నా పరీక్షలో జతల వరస మార్చలేదు. ఆ ఫలితం చెల్లదు. మళ్లీ చేస్తున్నాను. గ్లోరీ." పంపి, తెర అతని వైపు తిప్పింది.

"సారీ ఏది?"

"చెల్లదు అన్నాను కదా. మా ల్యాబ్‌లో అంతకన్నా పెద్ద మాట లేదు."

భానుప్రకాశ్ పైకి వెళ్లి జత తెచ్చిచ్చాడు. ఆమె ఇల్లు చేరేలోపే గ్రూపులో ఆమె మాటల కింద దండం పెట్టే బొమ్మ వేసి, "ఈగో తగ్గితే పేస్ పెరుగుతుంది" అని రాశాడు. ఈసారి ముప్పై ఒక్కమంది చప్పట్లు. సైమన్ అది చదివి, "ఇంత అవసరమా గ్లోరీ?" అన్నాడు. "షూ అవసరం," అంది ఆమె. "వాడు కాదు."

ఆ శనివారం వరస తిరగేసింది. మూడు గంటల సైకిల్ అయ్యాక ప్లేటు షూ ముందు, మామూలు షూ తర్వాత. ప్లేటు: ఏడు నిమిషాల ఎనిమిది. మామూలు: ఏడు ఇరవై ఏడు. ఈసారి తాజా కాళ్ల లాభం ప్లేటుకు పోయింది కాబట్టి దీన్నీ ఆమె నమ్మలేదు. ఆపై వారం ఎనిమిది చీటీలు రాసి పరుశురాం టోపీలో వేసింది. ఏ కిలోమీటరుకు ఏ షూ అన్నది అతను తీసిన చీటీ చెబుతుంది. ప్రతిసారీ లేసులు విప్పి కట్టి, విప్పి కట్టి, ఆఖరికి పరుశురాంకే విసుగొచ్చింది.

"గింత లొల్లి పెండ్లికి గూడ ఉండదు మేడం. ఏదో ఒకటి తొడుక్కొని ఉరుకుండ్రి."

"చీటీ తియ్యి."

ప్లేటు: ఏడు నిమిషాల పన్నెండు. మామూలు: ఏడు ఇరవై అయిదు. కిలోమీటరుకు పదమూడు సెకన్లు. ఇరవై ఒక్క కిలోమీటర్లకు నాలుగున్నర నిమిషాలు. చీలమండ ఒరగలేదు.

"అయితే సారే గెల్చిండు," అన్నాడు పరుశురాం.

"ఆయన దీన్ని ఫెయిల్యూర్ అన్నాడు. దేవుడన్నది నా కాలు విరగ్గొట్టబోయింది. నా వేగానికి రెండూ దండగే అన్నాడు. మూడు మాటలు చెప్పి మూడూ తప్పినవాడు గెలవడమేమిటి?"

"మీరూ ఒకటి చెప్పిన్రు. తప్పిన్రు."

"అవును. నేను దిద్దుకున్నాను."

రేసు అయిపోగానే వీళ్లందరూ క్యాంపస్ వదిలి ఇళ్లకు పోతే చాలన్నట్టు పరుశురాం సున్నం బకెట్ అందుకున్నాడు.

ఎర్ర సిరాతో రాసిన "ప్లేటు వృథా"ను గ్లోరీ కొట్టేయలేదు. ల్యాబ్ పుస్తకంలో తప్పు రీడింగును చెరపకూడదు. పక్కన కారణం రాయాలి. రాసింది: "పక్షపాతం."

ఆ తర్వాత మూడు వారాలూ సైకిల్ దిగగానే అదే జతతో పరిగెత్తింది. చెమటకు తడిసిన మేజోళ్లతో మడమ ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి అక్కడ టేపు వేసుకోవడం నేర్చుకుంది. గుంపులో మిగతావాళ్ల కొత్త జతలు బొట్టు పెట్టిన పెట్టెల్లోనే, మూత తియ్యకుండా, పోటీ ఊరికి రైలెక్కాయి.

పోటీ రోజు సముద్రం పోటు మీదుంది. ఈతలో నిరుటికన్నా రెండు నిమిషాలు ఎక్కువే పోయాయి. ఎదురుగాలి ఉన్నా సైకిల్ మీద అందులో కొంత రాబట్టుకుంది. పరుగు మొదలయ్యే చోట ఆమె వాచీ చూసుకుంటే నిరుటి కన్నా నలభై సెకన్లు వెనక ఉంది. ఉబ్బిన పాదాలను షూలోకి దూర్చి లేసులు బిగించింది. పన్నెండో కిలోమీటరు దగ్గర గుంపు మనిషి ఒకడు, నిరుడు పడవెక్కి ఈసారి ఈత దాటినవాడే, రోడ్డు పక్కన కూర్చుని కొత్త దేవుణ్ణి రెండు కాళ్ల నుంచీ ఊడదీసి బొబ్బలు చూసుకుంటున్నాడు. "మేడం, బ్యాండేజీ ఉందా?" అన్నాడు. గ్లోరీ దగ్గర మడమకు వేసుకునే టేపు ఉంది. దుకాణం ముందు ఆగినట్టు ఆగి ఇచ్చే తీరిక లేదు. జేబులోంచి ఆ చుట్టను తీసి అతని ఒళ్లోకి విసిరి పోయింది.

భానుప్రకాశ్ అప్పటికి రెండు గంటల కిందటే పోటీ ముగించి, స్నానం చేసి, బిర్యానీ తిని వచ్చాడు. మెడలో పతకంతో తోరణం పక్కన నిలబడి, ఆమె చివరి వంద మీటర్లూ ఫోన్‌లో వీడియో తీశాడు. గ్లోరీ గీత దాటి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చెప్పిన కదా మేడం," అన్నాడు భానుప్రకాశ్, కెమెరా ఆపకుండా.

ఆమె తలెత్తి అతని భుజం మీదుగా చూసింది. "పక్కకు తప్పుకోండి. గడియారం కనబడటం లేదు."

అతను తప్పుకున్నాడు. ఎనిమిది గంటల ఇరవై తొమ్మిది నిమిషాల రెండు సెకన్లు.