మళ్ళీ తెరవాల్సిన సమీక్ష

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేసి రిటైరయ్యాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేవాడు. ఆయన్ని వదిలి వెళ్ళలేక నేను ఇంట్లోనే ముందు గదిలో కూర్చుని ఉద్యోగం చేసేదాన్ని.

నా పని క్రమబద్ధ సమీక్షలు. ఒక వైద్య ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ వెతికి, పనికొచ్చేవి ఏరి, అవి కలిసి ఏం చెబుతున్నాయో రాయాలి. అప్పుడు మా బృందానికి వచ్చిన ప్రశ్న మా ఇంటిదే: దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు శ్వాస వ్యాయామాలు మేలు చేస్తాయా? పాత సమీక్ష, ఆధారాలు చాలవని చెప్పి ఊరుకుంది. తర్వాతి అధ్యయనాలు మేలు వైపే మొగ్గాయి.

మేము రాసి ముగించేసరికి వెతికి ఏడాది దాటింది. ఆ వెతుకులాట పాతబడింది, మళ్ళీ వెతకమంది మా సమీక్షను అచ్చువేయాల్సిన వైద్య పత్రిక. కొత్తవి దొరికాయి. వాటిని చేర్చి పంపేలోపు ఇంకో ఏడాది గడిచింది. మళ్ళీ అదే మాట.

ఆ మధ్యలోనే నాన్నను దవాఖానకు తీసుకెళ్ళాను. వ్యాయామాలు నేర్పమని అడిగితే అక్కడి ఫిజియోథెరపిస్టు నాన్నతో, "నేర్పాలనే ఉన్నది కాకా. కానీ పాత సమీక్షల రుజువు చాలదన్నరని గిక్కడ పెట్టలే. కొత్తది వస్తే మా సార్‌ను అడుగుత" అంది.

ఆ కొత్తది నా కంప్యూటర్‌లోనే ఉంది. అచ్చుకాకముందు బయటపెట్టనని సంతకం చేశాను. నాన్నను తీసుకుని బయటికొచ్చాను.

ఆటోలో నాన్న అడిగాడు. "నువ్వు రాసేది గదే గదా బిడ్డా?"

"గదే బాపు. కొత్త కాయితాలు వస్తనే ఉన్నయి. వచ్చినప్పుడల్లా మళ్ల చూడాలె."

"లోకంల కాయితాలు రాసుడు బందైతదా? గప్పటిదాంక నన్ను ఊపిరి పట్టుకొని కూసోమంటవా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు ఆన్‌లైన్ మీటింగులో మా బృందం పెద్దాయన్ని అడిగాను, ఈసారి దొరికిన అధ్యయనాలు మన జవాబును మారుస్తాయా అని. చూసి, మార్చవన్నారు. "అయితే ఆ మాటే రాసి అచ్చుకిద్దాం సార్. జవాబు మారేది వచ్చినప్పుడే మళ్ళీ తెరుద్దాం, ఏడాది లెక్కన కాదు" అన్నాను. పత్రికను ఒప్పించడానికి చాలా వారాలు పట్టింది.

అచ్చయ్యాక ఫిజియోథెరపిస్టు వాళ్ళ సార్‌ను అడిగి, నాన్నకు వ్యాయామాలు నేర్పడం మొదలుపెట్టింది. నాన్న ఆయాసం పోలేదు. కానీ వీధి చివర కూరగాయల బండి దాకా ఆగకుండా నడుస్తున్నాడు.

నెలనెలా కొత్త అధ్యయనాలు చూసి, జవాబు మారుతుందో లేదో చెప్పే పని నాకే అప్పగించారు. దానికి ఆఖరి రోజంటూ లేదు. మారదని రాసిన ప్రతిసారీ, ఏదైనా నా కంటపడకుండా పోయిందేమోనని జాబితా మళ్ళీ చూస్తాను.